కొత్త బీటా వేశాక మెట్లబావి ఆట సేవ్‌లన్నీ మాయం, 41 రోజుల ఆట

మెట్టుగూడ_మెట్లు • శనివారం రాత్రి 9:50
కథల ఆటల యాప్‌ని మొదటి నుంచి తిరగరాశారు కదా, దాని బీటా (అందరికీ ఇచ్చేముందు పరీక్షకి వదిలేది) నిన్న వేసుకున్నాను. ఇవాళ తెరిస్తే సేవ్‌ల పేజీ ఖాళీగా ఉంది. మెట్లబావి ఆటలో 41 రోజులుగా ఉన్నాం. ఉన్నాం అంటే నేనూ మా అమ్మా. అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు చదవడం కష్టమవుతోంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదువుతాను, ఏం చేయాలో అమ్మ చెబుతుంది, నేను టైప్ చేస్తాను. మూడో అంతస్తు దాటి నీళ్ళ దాకా దిగి, దీపం చేత్తో పట్టుకుని ఆగాం. ఒక్కో అడుక్కి ఎంత నూనె తగ్గుతోందో అమ్మ లెక్క పెట్టుకుంటూ వచ్చింది. నోటుబుక్కులో నాతో పటం కూడా గీయించింది.

ఇప్పుడు "కొత్త ఆట" అన్న బటన్ తప్ప ఏమీ లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎవరికైనా ఇలా అయిందా? యాప్ తీసేసి మళ్ళీ వేస్తే వస్తాయా?

టెస్టింగ్_అక్క • 9:53
తీయకండి! అన్‌ఇన్‌స్టాల్ వద్దు, డేటా క్లియర్ వద్దు. మిగతావన్నీ తర్వాత.

ఆండ్రాయిడ్ ఎంత? పాత యాప్ మీదే అప్‌డేట్ అయిందా, పక్కన విడిగా పడిందా?

మెట్టుగూడ_మెట్లు • 9:55
తీయలేదక్కా. ఆండ్రాయిడ్ 13. పాతదాని మీదే పడింది.

మలక్‌పేట్_చాయ్ • 10:02
నాకూ ఖాళీయే. నాది రెండు రోజుల ఆట, మళ్ళీ ఆడుకుంటా. అమ్మగారి 41 రోజులు మాత్రం వెనక్కి రావాల్సిందే. అవి దొరికేదాకా ఈ చర్చని కిందకి జారనివ్వను, గంటకోసారి వచ్చి పైకి లేపుతా.

పద్మారావునగర్_పాఠకుడు • 10:10
బాధగానే ఉంది కానీ, బీటా అన్నాక ఇలాంటివి ఉంటాయి. రోజూ ఆడే ఆట ఉన్న ఫోన్‌లో బీటా వేయకూడదు. నేను పాత ఫోన్ ఒకటి విడిగా పెట్టుకున్నాను.

టెస్టింగ్_అక్క • 10:21
ఈ మాట నేను ఒప్పుకోను. మాధాపూర్‌లో 11 ఏళ్ళుగా ఇదే నా ఉద్యోగం. ఖాళీ ఫోన్‌లో, అప్పుడే మొదలుపెట్టిన ఆటతో మీరు ఎన్ని రోజులు చూసినా ఈ తప్పు బయటపడదు. ఎవరో ఒకరు 41 రోజుల సేవ్‌లతో వస్తేనే దొరుకుతుంది. తిరగరాసిన యాప్‌లో ముందు చూడాల్సింది కొత్త రంగులు, కొత్త మెనూలు కాదు. పాత మనిషి పాత సామానుతో వస్తే తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది.

బీటాని వేరే ప్యాకేజీ పేరుతో (ఫోన్ యాప్‌ని గుర్తుపట్టే లోపలి పేరు) ఇచ్చి ఉంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండేవి. అది రాసినవాళ్ళు చూసుకోవాల్సిన జాగ్రత్త, మెట్టుగూడ గారు కాదు.

కొత్తగా_చేరా • 10:25
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. ఈ ఆటల్లో బొమ్మలు ఉండవా? మరి ఏం ఆడతారు?

లాంతరు • 10:38
బొమ్మలు ఉండవు. "నువ్వు బావి అంచున నిలబడ్డావు, కింద చీకటి" అని కథ చెబుతుంది. ఏం చేస్తావో నువ్వు రాయాలి. "దిగు", "దీపం వెలిగించు". నువ్వు రాసినదాన్ని బట్టి కథ నడుస్తుంది. 1970ల నడిమిలో విల్ క్రౌదర్ అనే ప్రోగ్రామర్, తను స్వయంగా తిరిగిన కెంటకీ గుహల్ని ఇలా మాటల్లో పెట్టాడు, అక్కడ మొదలైంది. టైప్ చేయకుండా ఇచ్చినవాటిలోంచి ఎంచుకునే రకం కూడా ఉంది. మెట్లబావి మాత్రం టైప్ చేసేదే. ఆడి చూడండి, మొదటి గంట ఓపిక పట్టాలి.

అక్షరయంత్రం • 11:04
యాప్ రాసింది నేనే. మెట్టుగూడ గారూ, ముందు ఒక మాట: మీ సేవ్‌లు ఫోన్‌లోనే ఉన్నాయి, చెరిగిపోలేదు.

పాత యాప్ సేవ్‌లని ఫోన్ మెమరీలో ఒక మామూలు ఫోల్డర్‌లో రాసేది, ఫొటోలు ఉండే చోటులాగే. ఆండ్రాయిడ్ 11కి తగ్గట్టు కట్టిన యాప్‌కి మామూలుగా అలా నేరుగా ఆ ఫోల్డర్లలోకి వెళ్ళి చూడటం కుదరదు. వాడేవాళ్ళే ఫోల్డర్‌ని చూపించి అనుమతి ఇవ్వాలి. పాత యాప్ పాత ఆండ్రాయిడ్ స్థాయికే కట్టి ఉంది కాబట్టి ఇన్నాళ్ళు నడిచింది. ప్లే స్టోర్ ఏటేటా కొత్త స్థాయికి మారమంటుంది, తిరగరాయడానికి అదొక కారణం.

కొత్త యాప్ మొదటిసారి తెరిచినప్పుడు పాత ఫోల్డర్ చూపించమని అడిగే తెర పెట్టాను. అది ఒక్కసారే వస్తుంది, దాటేస్తే మళ్ళీ అక్కడికి వెళ్ళే దారి పెట్టలేదు. తప్పు పూర్తిగా నాది. అక్క చెప్పిన విడి పేరు సంగతి కూడా నిజమే. ఈ రాత్రికే సెట్టింగ్స్‌లో దారి పెట్టి కొత్త బిల్డ్ (దిద్దిన యాప్) వదులుతాను.

మెట్టుగూడ_మెట్లు • 11:09
ఆ తెర వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, ఏవో అనుమతులు అడుగుతోంది అనుకుని "తర్వాత" నొక్కాను. ఫోన్‌లోనే ఉన్నాయన్నారు, అది చాలు ఇవాళ్టికి. ఇప్పుడు నిద్ర పడుతుంది.

వినికిడి • 11:30
ఆ తెర గురించే నేనూ రాద్దామనుకుంటున్నాను. నాకు చూపు లేదు, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఆడతాను. ఆ తెరలో రెండు బటన్లకీ పేర్లు లేవు. "బటన్", "బటన్" అని చదివింది. ఏది నొక్కానో నాకే తెలియదు.

ఇంకొకటి, ఇది దానికంటే పెద్దది. పాత యాప్‌లో నేను "దిగు" అనగానే కొత్తగా వచ్చిన పేరా ఒక్కటే చదివేది. కొత్త యాప్‌లో ప్రతిసారీ కథ మొదటి వాక్యం నుంచి మొదలెడుతోంది. ఇరవై ఆదేశాలు దాటాక ఆడటం అసాధ్యం. ఫోన్‌లో నేను మొదటి నుంచి చివరి దాకా ఎవరినీ అడగకుండా ఆడగలిగేవి ఈ ఆటలే. మీకిది అందంగా కనబడటం గురించి ఎంత శ్రద్ధ ఉందో నాకు దీని గురించి అంత ఉంది. దయచేసి తర్వాతి జాబితాలోకి తోయకండి.

అక్షరయంత్రం • 11:41
తోయను. పాత యాప్ లోపల వెబ్‌పేజీ ఉండేది, "ఇక్కడ కొత్తగా వచ్చింది మాత్రమే చదువు" అని టాక్‌బ్యాక్‌కి చెప్పే గుర్తు అందులో పెట్టాను. తిరగరాసేటప్పుడు దాన్ని తేవడం మర్చిపోయాను. ఇవాళ్టి బిల్డ్‌లోనే వస్తుంది, బటన్ల పేర్లు కూడా.

మలక్‌పేట్_చాయ్ • ఆదివారం ఉదయం 7:15
పైకి.

రాసేద్దాం_ఒకటి • 8:40
నేను కూడా చిన్న ఆట ఒకటి రాసి విడిగా యాప్‌గా పెడదామనుకుంటున్నాను. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి ప్లే స్టోర్‌లో నిబంధన ఉంది: కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు చేరి ఉండాలి, అప్పుడే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదట్లో 20 మంది అడిగేవారు, తర్వాత తగ్గించారు. నాకు 9 మంది ఉన్నారు. ఎవరైనా ముగ్గురు?

కొత్తగా_చేరా • 8:44
నేనొస్తా.

మలక్‌పేట్_చాయ్ • 8:45
నేనూ, మా తమ్ముడూ. 12 అయిపోయింది కదా. 14 రోజులు మా తమ్ముణ్ణి కదలనివ్వను.

టెస్టింగ్_అక్క • 8:58
చేరి వదిలేయకండి, ఆడండి. "బాగుంది అన్నా" అని రాసేవాళ్ళ వల్ల ఆట బాగుపడదు. ఏం నొక్కారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది, ఈ మూడూ రాయండి.

ఐఫోన్_ఒక్కడినే • 9:20
ఐఫోన్ బీటా ఎప్పుడు? ఐఫోన్ బీటాలు పంచే టెస్ట్‌ఫ్లైట్‌లో 10,000 మందిని చేర్చుకోవచ్చు, ఇక్కడ ఒక్కణ్ణి ఎదురుచూస్తున్నాను.

అక్షరయంత్రం • 9:26
ఆండ్రాయిడ్‌లో సేవ్‌ల సంగతి తేలాకే. టెస్ట్‌ఫ్లైట్ బిల్డ్ 90 రోజులకి గడువు తీరి ఆగిపోతుంది, ఇంకా తేలని సేవ్‌లతో మీ ఆటని అలా మధ్యలో ఆపలేను.

మెట్టుగూడ_మెట్లు • ఆదివారం 11:15
కొత్త బిల్డ్ వేశాను. ఫోల్డర్ చూపించాను. 17 సేవ్‌లూ జాబితాలో కనిపించాయి! కానీ దేన్ని నొక్కినా "ఈ సేవ్ ఈ కథకి చెందినది కాదు" అంటోంది. ఇదే కథ కదా?

ఇంకో చిన్న విషయం. "దీపంవెలిగించాక" అని పేరు పెట్టిన సేవ్ జాబితాలో "దీపంవెలిగి" అని, పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్నగుర్తుతో కనిపిస్తోంది.

లాంతరు • 11:32
రెండోది తేలిక. తెలుగులో ప్రతి గుర్తుకీ 3 బైట్లు పడతాయి. గుర్తు అంటే పూర్తి అక్షరం కాదు, గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడివిడి గుర్తులే. "స్త్రీ" ఒక్క అక్షరంలా కనిపిస్తుంది కానీ 6 గుర్తులు, 18 బైట్లు. కొత్త యాప్ ఎక్కడో పేరుని 32 బైట్ల దగ్గర కోస్తున్నట్టుంది. 10 గుర్తులకి 30 పోగా, పదకొండో గుర్తు రెండు బైట్ల దగ్గర తెగింది. అక్షరాల్లో లెక్కపెట్టి కోయాలి, బైట్లలో కాదు.

మొదటిదాని మీద నాకొక అనుమానం ఉంది. యాప్‌తో పాటు కథ ఫైలు కూడా మారిందా?

అక్షరయంత్రం • 11:35
32 నిజమే, దిద్దుతున్నాను. కథ ఫైలు... అవును, రాతగాడు కొత్తది పంపారు, అదే కలిపి ఇచ్చాను.

రాతగాడు • 12:10
మెట్లబావి రాసింది నేను. అచ్చుతప్పులు 23 దొరికితే సరిచేసి పంపాను. ఒక్క గది మార్చలేదు, ఒక్క వస్తువు మార్చలేదు. దానివల్లేనా?

పద్మారావునగర్_పాఠకుడు • 12:14
అచ్చుతప్పులే అయితే ఆ తనిఖీ తీసేస్తే సరిపోతుంది కదా. ఎందుకంత పట్టింపు?

లాంతరు • 12:51
తీయకూడదు. కాస్త పొడుగ్గా చెబుతాను, ఇది తెలియకే చాలామంది సేవ్‌లు పోగొట్టుకున్నారు.

1979లో అమెరికాలో ఇన్ఫోకామ్ అనే కంపెనీ మొదలైంది. అప్పట్లో ఇళ్ళల్లో రకరకాల కంప్యూటర్లు, ఒకదాని ప్రోగ్రామ్ ఇంకోదానిలో నడవదు. వాళ్ళు ఏం చేశారంటే, లేని కంప్యూటర్ ఒకటి ఊహించి, కథలన్నీ దానికోసం రాశారు. ఒక్కో నిజం కంప్యూటర్‌కి ఆ ఊహా యంత్రాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాస్తే చాలు, అన్ని కథలూ నడుస్తాయి. అందుకే నలభై ఏళ్ళు దాటిన కథలు ఇవాళ మన ఫోన్‌లో నడుస్తున్నాయి. మెట్లబావి వాడే గ్లల్క్స్ దాని తర్వాతి తరం, తెలుగు అక్షరాలు తీసుకుంటుంది. యాప్ ఎన్నిసార్లు తిరగరాసినా కథని ముట్టుకోనక్కర్లేదన్నమాట.

సేవ్ సంగతికొస్తే, అందులో కథ ఉండదు. ఊహా యంత్రం మెమరీలో, అసలు కథ ఫైలుకీ మీరు ఆగిన క్షణానికీ ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. ఏ ఫైలుతో పోల్చిన తేడానో తెలియాలి కాబట్టి కథ ఫైలు మొదటి 128 బైట్లు సేవ్‌లో పెడతారు. ఫైలు పొడవు, ఫైలు మారిందో లేదో సరిచూసే అంకె అందులో ఉంటాయి. తెరిచేటప్పుడు పోలుస్తారు.

ఇప్పుడు రాతగాడు గారు ఎక్కడో ఒక గుణింతం కలిపారనుకోండి. దాని తర్వాత ఉన్నవి జరిగిపోవచ్చు. తనిఖీ తీసేసి బలవంతంగా తెరిస్తే, దీపంలో నూనె ఎంతో చెప్పే అంకె వెళ్ళి ఇంకేదో తలుపు గొళ్ళెం మీద కూర్చుంటుంది. ఆట తెరుచుకున్నట్టే ఉంటుంది, పది అడుగుల తర్వాత కుప్పకూలుతుంది. "చెందినది కాదు" అని ఆపడమే యాప్ చేసిన మంచి పని.

పద్మారావునగర్_పాఠకుడు • 12:58
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి దారేమిటి?

టెస్టింగ్_అక్క • 1:03
పాత కథ ఫైలు కూడా యాప్‌లోనే ఉంచండి. సేవ్‌లోని 128 బైట్లు దేనితో కలిస్తే ఆ ఫైలుతో తెరవండి. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి కొత్త ఫైలు.

అక్షరయంత్రం • 1:20
చేస్తాను. కథ ఫైలు 1 ఎంబీ కూడా లేదు, ఎన్ని ముద్రణలైనా ఉంచొచ్చు. రాతగాడు గారూ, పాతది మీ దగ్గర ఉందా?

రాతగాడు • 1:22
ఉంది. పంపుతున్నాను.

మెట్టుగూడ గారూ, ఈ ఆట ఎందుకు రాశానో చెప్పాలనిపిస్తోంది. బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతో నిండిపోయి ఉన్న రోజులు నేను చూశాను. దాన్ని తవ్వి శుభ్రం చేసి 2022 డిసెంబర్‌లో తెరిచాక వెళ్ళి ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అదే రాశాను. మీ అమ్మగారు నూనె లెక్కపెట్టుకుంటూ దిగారని చదివితే నాకు గొంతు పట్టేసింది.

మెట్టుగూడ_మెట్లు • 1:40
చాలా సంతోషం అండీ. అమ్మకి ఇవాళ చెప్పాను, యాప్ మారుతోంది, రెండు రోజులు ఆగాలి అని. "బాయి యాడికి పోతది" అంది.

అమ్మది సిద్దిపేట దగ్గర పల్లె. అడిగారు కాబట్టి కాదు కానీ, మీకు పనికొస్తుందని చెబుతున్నా. "దీపం ముట్టించు" అంటుంది, ఆట ఒప్పుకోదు, నేను "వెలిగించు" అని మార్చి కొడతాను. "చాబి తీస్కో" అన్నా అంతే. ఇవి నేను మార్చుకోగలను. ఒకసారి మాత్రం "బాయిలకెల్లి బయటికి రా" అంది. "మెట్లబావిలోంచి రా" అని కొట్టాను. బయటికి రావాల్సింది మళ్ళీ లోపలికే వెళ్ళింది! నూనె అనవసరంగా ఖర్చయిందని అమ్మ ఆ రాత్రి చాలా బాధపడింది.

సంధిపొడుపు • 2:15
అది చాలా ముఖ్యమైన తప్పు. "లోకి", "లోంచి" తేడా పోతే తెలుగులో ఆట ఆడలేం. ఇంగ్లీషు ఆదేశంలో క్రియ ముందుంటుంది, ఆటలు రాసే ఈ పనిముట్లన్నీ ఆ లెక్కన చేసినవి. మనకి క్రియ చివర, దిక్కు చెప్పేది నామవాచకానికి అంటుకుని ఉంటుంది.

మాండలికం విషయంలో మాత్రం, ఆటలో ఒక ప్రామాణిక రూపం ఉంటే చాలనుకుంటాను. ఎన్ని రూపాలని చేరుస్తారు?

వినికిడి • 2:24
గొంతుతో టైప్ చేసేవాళ్ళం ఉన్నాం. నేను మాట్లాడినట్టే ఫోన్ రాస్తుంది. నాది వరంగల్. నోటిని ప్రామాణికంగా మార్చుకుని ఆడమంటే ఆట కాదు, పరీక్ష అవుతుంది.

రాతగాడు • 3:05
వినికిడి గారి మాటే నాకు సబబుగా ఉంది. ముట్టించు, చాబి, బాయి, తీస్కో, అన్నీ చేరుస్తాను. మీ ఇంట్లో ఎలా అంటారో ఇక్కడ రాయండి.

"లోంచి" సంగతి ఇప్పుడే పట్టుకున్నాను. నేను వాడే పనిముట్టు, మార్చమని చెప్పకపోతే, పదంలో మొదటి 9 గుర్తులే చూస్తుంది. "మెట్లబావి" లెక్కపెట్టండి: సరిగ్గా 9. ఆ తర్వాత "లోకి" ఉన్నా "లోంచి" ఉన్నా దానికి తెలియదు. ఆ హద్దుని 24కి పెంచుతున్నాను.

అక్షరయంత్రం • 3:11
అది మార్చినా ఫైలు మారుతుంది, సేవ్‌లు కలవవు. కాబట్టి ఆ దిద్దుబాటు కొత్త ముద్రణలోనే. అమ్మగారి ఆట పాతదానితోనే పూర్తవ్వాలి. మెట్టుగూడ గారూ, అప్పటిదాకా "బయటికి" అని ఒక్క మాటే కొట్టండి.

మలక్‌పేట్_చాయ్ • సోమవారం ఉదయం 9:30
పైకి. ఇంకో బగ్ కూడా. అమీర్‌పేటలో రైలు మారుతుంటే ఫోన్ వచ్చింది, పది నిమిషాలు మాట్లాడి తిరిగొస్తే ఆట మొదటి పేజీలో ఉంది. ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి కాదు.

టెస్టింగ్_అక్క • 9:48
ప్రతిసారీ అయ్యేట్టు చేయొచ్చు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేసి, ఆటలోంచి హోమ్‌కి వెళ్ళి తిరిగి రండి. మెమరీ చాలనప్పుడు ఫోన్ వెనకున్న తెరల్ని మూసేస్తుంది, దాన్ని మనమే చేయిస్తున్నట్టు. చూశాక ఆఫ్ చేయడం మర్చిపోకండి.

మలక్‌పేట్_చాయ్ • 10:05
అయ్యింది అక్కా, అయిదుకి అయిదు సార్లు మొదటి పేజీకే వెళ్ళింది.

అక్షరయంత్రం • 10:07
దొరికింది. ప్రతి ఆదేశం తర్వాతా దానంతట అదే సేవ్ అయ్యేలా పెడుతున్నాను. సాయంత్రం బిల్డ్‌లో పాత ముద్రణతో పాటు ఇదీ ఉంటుంది.

మెట్టుగూడ_మెట్లు • సోమవారం రాత్రి 9:35
తెరుచుకుంది.

అమ్మ పక్కనే కూర్చుంది. ముందు నోటుబుక్కు తెమ్మంది. నేను ఆటలో "దీపం చూడు" అని కొట్టాను, "ఇంకా 14 అడుగులకి నూనె ఉంది" అని వచ్చింది. అమ్మ పుస్తకంలో కూడా 14. సేవ్ పేరు కూడా పూర్తిగా కనిపిస్తోంది. ఇవాళ తొందరపడొద్దు, కాసేపు నీళ్ళ పక్కన కూర్చుందాం అంటోంది. "కూర్చో" అన్న మాట ఆటకి తెలుసా, రాతగాడు గారూ?

రాతగాడు • 9:37
తెలుసు. కూర్చోండి.

మలక్‌పేట్_చాయ్ • 9:40
ఇక ఈ చర్చని కిందకి పోనిస్తున్నా.

వినికిడి • 9:52
ఒక్క నిమిషం ఆపండి. కొత్త పేరా ఒక్కటే చదువుతోంది, చాలా చాలా థాంక్స్. కానీ ఫోల్డర్ తెరలో రెండో బటన్‌ని ఇంకా "బటన్" అనే అంటోంది.

అక్షరయంత్రం • 9:54
చూస్తున్నాను.